పొట్టి గొట్టం రివాల్వర్: .32 లో ఏది మేలు, .22 ఎవరికి, టాప్ బ్రేకా సైడ్ స్వింగా

లైసెన్సు మీద మన దేశంలో కొత్తగా కొనగలిగే పొట్టి గొట్టం రివాల్వర్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అన్నీ చూడటానికి ఒకేలా ఉంటాయి. కేటలాగులో రాసిన తూకం, గొట్టం పొడవు చూసి తేల్చుకుందామంటే, అసలు తేడాలు అక్కడ కనిపించవు. ట్రిగ్గర్ ఎంత బరువు, ఖాళీ షెల్ (కాల్చాక మిగిలే తూటా తొడుగు) ఎలా బయటికి వస్తుంది, కళింగపట్నం సముద్రపు గాలికి ఎన్నాళ్లు తుప్పు పట్టకుండా ఉంటుంది అనేవి చేతికొచ్చాకగానీ తెలియవు. ఒకసారి లైసెన్సులో నమోదయ్యాక మార్చుకోవడం కాగితాల పని. ఆలోచించేదేదో ముందే ఆలోచించాలి.

ముందుగా తీర్పు చెప్పేస్తాను. ఎక్కువమందికి సరిపోయేది మూడు అంగుళాల గొట్టం, ఆరు తూటాలు, 700 గ్రాముల చుట్టూ తూగే .32 బోరు (గొట్టం లోపలి వ్యాసం, అంగుళాల్లో) ఉక్కు రివాల్వర్. తేలికపాటిది కొనాలంటే దానికో గట్టి కారణం ఉండాలి. చేతిలో పెట్టుకోగానే ముచ్చటేసిందన్నది కారణం కాదు.

ఏవి దొరుకుతాయి

ప్రపంచమంతా పొట్టి రివాల్వర్ అనగానే .38 స్పెషల్ పేరే చెబుతుంది. 1927 నాటి కోల్ట్ డిటెక్టివ్ స్పెషల్ రెండు అంగుళాల గొట్టంలో ఆరు తూటాలు పట్టించింది. 1950లో స్మిత్ అండ్ వెసన్ చీఫ్స్ స్పెషల్ ఒక తూటా తగ్గించి, తూటాలు పట్టే సిలిండర్‌ను సన్నం చేసింది. ఆరా అయిదా అన్న వాదన అప్పుడు మొదలై ఇప్పటికీ నడుస్తోంది. వాటికి ముందే 1872లో వెబ్లీ తెచ్చిన బ్రిటిష్ బుల్‌డాగ్ రెండున్నర అంగుళాల గొట్టంతో కోటు జేబుల్లో తిరిగింది. 2009లో రూగర్ ఎల్‌సీఆర్ ట్రిగ్గర్ భాగాలున్న అడుగు పెట్టెను పాలిమర్‌తో చేసి తూకం తగ్గించింది. ఇవన్నీ చదివి ఆనందించడానికి. మన దగ్గర .380, .455 రివాల్వర్ బోర్లు, 9 మి.మీ. నిషిద్ధ బోర్ల (మామూలు లైసెన్సు మీద ఇవ్వనివి) కింద ఉన్నాయి. వ్యక్తులు తుపాకీ దిగుమతి చేసుకోవడం 1980లలోనే దాదాపు ఆగిపోయింది, పేరున్న షూటర్లకు మాత్రం మినహాయింపు. పాత దిగుమతి .357 లు చేతులు మారుతుంటాయి కానీ, అడిగే ధర ఆ తుపాకీకి కాదు, అరుదుగా దొరకడానికి. తూటాలు వెతుక్కోవడం మరో తలనొప్పి.

కాబట్టి మిగిలింది .32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్, దాని కింద .22. కొత్తవాటిలో ప్రధానంగా ఇవి: కాన్పూర్ స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీ .32 (మార్క్ 1 నుంచి మార్క్ 3 దాకా వచ్చిన కుటుంబం), 2014 జనవరిలో కాన్పూర్ ఫీల్డ్ గన్ ఫ్యాక్టరీ విడుదల చేసిన నిర్భీక్, ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ .22 నిడర్, 2023 ఆగస్టులో ప్రభుత్వ ఆయుధ కంపెనీ ఏడబ్ల్యూఈఐఎల్ తెచ్చిన ప్రబల్. ఇవి కాక ఉత్తరప్రదేశ్ హర్దోయి జిల్లా సండీలాలో వెబ్లీ పేరు మీద తయారవుతున్న .32 ఉంది. పాత ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ బోర్డును 2021 అక్టోబర్‌లో కంపెనీలుగా విడదీశాక తుపాకీలు ఏడబ్ల్యూఈఐఎల్ కిందకీ, తూటాలు మ్యూనిషన్స్ ఇండియా కిందకీ వెళ్లాయి. అందుకే పాత బిల్లు మీద పేరు ఒకటి, కొత్త డబ్బా మీద పేరు ఇంకొకటి కనిపిస్తే కంగారు పడక్కర్లేదు.

.32 అంటే చిన్నచూపు ఎందుకు కూడదు

ఈ తూటా 1896 నుంచీ ఉంది. 98 గ్రెయిన్ల సీసపు గుండు, అంటే 6.35 గ్రాములు, సెకనుకు సుమారు 215 మీటర్ల వేగంతో వెళుతుంది. లెక్క కడితే దాని శక్తి 147 జౌళ్ల దగ్గర తేలుతుంది. .38 స్పెషల్ పక్కన పెడితే తక్కువే. కానీ దీనికి రెండు సుగుణాలున్నాయి. ఒకటి, తన్ను (కాల్చినప్పుడు తుపాకీ చేతిని వెనక్కి నెట్టడం) చాలా తక్కువ, కాబట్టి పొట్టి గొట్టంలో కూడా రెండో గుండు మొదటి గుండు పక్కనే పడుతుంది. రెండోది గురి. 25 మీటర్ల సెంటర్ ఫైర్ పిస్టల్ పోటీల్లో ఇదే తూటాను చదును మొన గుండుతో వాడతారు. గురి తప్పితే తూటాను తిట్టే అవకాశం లేదన్నమాట.

తక్కువ పీడనం మూడో సంగతి. అమెరికన్ ప్రమాణంలో దీని గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 15,000 పౌండ్లు. గొట్టం ముందుకు వాలి తెరుచుకునే టాప్ బ్రేక్ ఫ్రేమ్ దీన్ని సులువుగా తట్టుకోవడానికి కారణం ఇదే. అదే లెక్కలో .32 ఏసీపీ పిస్టల్ తూటా 20,500 దాకా వెళుతుంది. పిస్టల్ తూటా అంచు సగమే ఉంటుంది, కొన్ని .32 రివాల్వర్ల తూటా గదిలో అది దూరిపోతుంది కూడా. దూరింది కదా అని కాల్చకూడదు. డబ్బా మీద ".32" ఒక్కటే చూసి తీసుకోకండి. పక్కన "రివాల్వర్" లేదా "ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్" అని ఉండాలి. ఖడ్కీ ఫ్యాక్టరీ తూటాల అడుగున కేఎఫ్ ముద్ర ఉంటుంది.

ఒక మాట ఇక్కడే. ఉద్దానం జీడితోటల్లో ఎలుగుబంట్ల భయం ఉంది, అడవిపందులు చేలు తొక్కేస్తాయి, అందుకని రివాల్వర్ కావాలనేవాళ్లు ఉంటారు. 147 జౌళ్లు ఎలుగును ఆపవు, రెచ్చగొడతాయి. పైగా ఎలుగు వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్న జంతువు. పంట కాపలాకు లైసెన్సు దారి వేరు, దానికి పొడవు గొట్టం తుపాకీ వేరు. ఆ పనికి ఈ వ్యాసంలో ఉన్న ఏ తుపాకీ పనికిరాదు.

250, 500, 700 గ్రాములు

నిడర్ 250 గ్రాములు, ఎనిమిది తూటాలు, గొట్టం సుమారు 40 మి.మీ. నిర్భీక్ 500 గ్రాములు, టైటానియం మిశ్రలోహం, ఆరు తూటాలు. కాన్పూర్ ఉక్కు .32, ప్రబల్ రెండూ 700 గ్రాముల చుట్టూ. చివరి మూడింటికీ గొట్టం మూడు అంగుళాల దగ్గరే.

తేలిక తుపాకీ గట్టిగా తన్నుతుందన్నది అందరూ చెప్పే మాట. లెక్క వేస్తే, ఒకే తూటాకు 700 గ్రాముల తుపాకీ కన్నా 500 గ్రాముల తుపాకీలో తన్ను శక్తి 1.4 రెట్లు. .357 అయితే మణికట్టు విరిగిపోతుందేమో అనిపించే తేడా. .32 కి మాత్రం భరించగలిగిందే. అసలు ఇబ్బంది తన్నులో లేదు, ట్రిగ్గర్‌లో ఉంది. హ్యామర్ (తూటాను పేల్చే వెనక సుత్తి) ఎత్తకుండా నేరుగా నొక్కే డబుల్ యాక్షన్‌లో మామూలు రివాల్వర్ ట్రిగ్గర్‌కు 4.5 నుంచి 5.5 కిలోల లాగుడు కావాలి. అర కిలో వస్తువును కదలకుండా పట్టుకుని, దాని మీదే అయిదు కిలోల బలంతో వేలు లాగాలి. తుపాకీ తేలికయ్యేకొద్దీ మొన కుడికో ఎడమకో, ఎక్కువగా కిందికో జారుతుంది. కొత్తవాళ్ల గుళ్లన్నీ కింద ఎడమవైపు పడటానికి (కుడిచేతి వాటం వాళ్లకు) ఎక్కువసార్లు ఇదే కారణం. హ్యామర్ ఎత్తి కాలిస్తే ట్రిగ్గర్ రెండు కిలోలకు దిగుతుంది, గురి అమాంతం బాగుపడుతుంది. కానీ ఆపదలో హ్యామర్ ఎత్తే తీరిక ఉంటుందనుకోవడం ఆశే. ఎంపిక డబుల్ యాక్షన్ మీద ఆధారపడే చేయాలి.

అందుకని దుకాణంలో మొదట చేయాల్సిన పని ఇది. తుపాకీ ఖాళీ అని దుకాణదారుడు తెరిచి చూపించాక, మీరూ ఒక్కో గదీ చూసుకోండి. తర్వాత క్షేమమైన దిక్కుకు పట్టి, స్నాప్ క్యాప్‌లు (మందు లేని డమ్మీ తూటాలు) వేసి, డబుల్ యాక్షన్‌లో ఆరు సార్లు నొక్కండి. ముందు సైటు ఎంత వణుకుతోందో గమనించండి. ఆరోసారికి వేలు నొప్పెట్టినా, రెండో వేలు సాయం కావాలనిపించినా, ఎంత ముద్దొచ్చినా ఆ తుపాకీ మీది కాదు. వయసు పైబడినవాళ్లు, చేతిలో బలం తక్కువున్నవాళ్లు ఈ పరీక్ష తప్పక చేయాలి. నిర్భీక్‌ను ఆడవాళ్ల తుపాకీ అని ప్రచారం చేశారు. ఆడవాళ్లకు తేలికది చాలన్న ఆలోచన దాని వెనక ఉంది. బలం తక్కువున్న చేతికి కావాల్సింది తేలిక తుపాకీ కాదు, మెత్తటి ట్రిగ్గర్. ఈ రెండూ ఒకటి కాదు.

మరి 500 గ్రాములు ఎవరికి? రోజంతా నడుముకు కట్టుకుని తిరిగేవాళ్లకు. 200 గ్రాముల తేడా ఉదయం తెలియదు, సాయంత్రానికి తెలుస్తుంది. రివాల్వర్ ఇంటి బీరువాలోనో, పెట్రోలు బంకు క్యాష్ గదిలోనో, జీడిపిక్కల బట్టీ ఆఫీసులోనో ఉండేదైతే ఆ 200 గ్రాములు తగ్గించుకోవడానికి ఎక్కువ డబ్బు పెట్టడం దండగ. నిర్భీక్ విడుదల నాటి ధర రూ.1,22,360. ఇప్పుడు పన్ను కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి రివాల్వర్లు, పిస్టళ్ల మీద జీఎస్టీ 28 నుంచి 40 శాతానికి చేరింది. మూల ధర లక్ష ఉంటే నలభై వేలు పన్నుకే పోతాయి. దుకాణదారుడు చెప్పే ధర పన్ను కలిపా, కలపకా అని మొదటి మాటలోనే అడగండి.

గొట్టం పొడవు: సైట్ల మధ్య దూరమే అసలు లెక్క

గొట్టం అంగుళం తగ్గితే గుండు వేగం తగ్గుతుందని అందరికీ తెలుసు. .32 కి మూడు అంగుళాలకూ నాలుగు అంగుళాలకూ ఆ తేడా పట్టించుకోదగ్గది కాదు. పట్టించుకోవాల్సింది ముందు సైటుకూ వెనక సైటుకూ మధ్య దూరం. ఆ దూరం 80 మి.మీ. ఉండి, చూపులో అర మిల్లీమీటరు తేడా వచ్చిందనుకోండి. పది మీటర్లలో గుండు ఆరు సెంటీమీటర్లు పక్కకు పోతుంది. 125 మి.మీ. ఉంటే నాలుగు సెంటీమీటర్లు, 150 ఉంటే మూడుకు కాస్త ఎక్కువ. 40 మి.మీ. గొట్టం ఉన్న .22 మొదటి లెక్కలోకి వస్తుంది, మూడు అంగుళాల .32 మధ్య లెక్కలోకి.

ప్రబల్‌కు 50 మీటర్ల రేంజి అని ప్రకటించారు. పాత .32 లకు చెప్పే దూరానికి రెట్టింపు పైమాటే. అబద్ధమని అనను, గుండు ఆ దూరం వెళ్లి పని చేస్తుంది. కానీ 50 మీటర్లలో అదే అర మిల్లీమీటరు తప్పు 20 సెంటీమీటర్లవుతుంది. ఆ సంఖ్య చూసి కొనొద్దు. ప్రబల్ కొనడానికి అంతకన్నా మంచి కారణం ఒకటుంది.

టాప్ బ్రేక్, సైడ్ స్వింగ్

కాన్పూర్ .32, నిర్భీక్, సండీలా వెబ్లీ అన్నీ వెబ్లీ మార్క్ 4 వంశం. బొటనవేలితో లాచ్ నొక్కితే గొట్టం ముందుకు వాలుతుంది, ఎక్స్‌ట్రాక్టర్ స్టార్ (షెల్స్ అంచులను పట్టే నక్షత్రం ఆకారపు ముక్క) పైకి లేచి ఆరు షెల్స్‌నూ ఒక్కసారి బయటికి తోస్తుంది, చివర్లో టక్కున వెనక్కి పడిపోతుంది. చూడటానికి ఇంతకన్నా అందమైన యంత్రాంగం రివాల్వర్లలో లేదు. పాత వెబ్లీ ప్రేమికులు దీనికే పడిపోతారు. మరో లాభం, గొట్టాన్ని వెనకవైపు నుంచి శుభ్రం చేసుకోవచ్చు. సిలిండర్ పక్కకు తెరుచుకునే సైడ్ స్వింగ్‌లో మొన నుంచే బ్రష్ పెట్టాలి, అజాగ్రత్తగా చేస్తే మొన అంచు అరిగి గురి చెడుతుంది.

లోపాలు మూడు. లాచ్, హింజ్ అరిగితే గొట్టం ఫ్రేమ్ మధ్య ఆట పడుతుంది, గురి అక్కడితో పోతుంది. మెల్లగా, భయంభయంగా తెరిస్తే ఒక షెల్ స్టార్ కిందికి జారి ఇరుక్కుంటుంది, అప్పుడు తుపాకీ మూసుకోదు, తెరుచుకోదు. దానికి మందు ఒక్కటే. మొనను కిందికి పెట్టి తెరవకుండా, తుపాకీని పక్కకు ఒరిగించి, ఒక్క ఊపులో చివరిదాకా తెరవాలి. మూడోది, కాల్చిన మసి స్టార్ కింద చేరితే తూటాలు పూర్తిగా లోపలికి కూర్చోవు, సిలిండర్ బిగుసుకుపోయి తిరగదు. చాలామంది దీన్ని మెకానికల్ లోపమనుకుని రిపేరుకు పట్టుకెళ్తారు. పళ్లు తోముకునే పాత బ్రష్‌తో పోయే మసి అది.

ప్రబల్ సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది. ఫ్రేమ్ ఒకే దిమ్మగా, పైన కూడా మూసుకుని ఉంటుంది కాబట్టి ఆట పడే అతుకు లేదు. వెనక సైటు కదిలే లాచ్ మీద కాక గట్టి ఫ్రేమ్ మీద ఉంటుంది. 50 మీటర్ల ప్రకటన కన్నా ఇది కొనదగ్గ కారణం. దీని బలహీనత క్రేన్, సిలిండర్‌ను మోసే ఆ చిన్న చేయి. సినిమాల్లో హీరో మణికట్టు విదిలించి సిలిండర్ టక్కున మూస్తాడే, అలా పది సార్లు చేస్తే క్రేన్ వంగుతుంది. వంగితే గది, గొట్టం ఒక గీతలోకి రావు, సీసం చెక్కుకుపోయి పక్కకు చిమ్ముతుంది. రెండో చేత్తో నెమ్మదిగా మూయాలి. పొట్టి గొట్టం సైడ్ స్వింగ్ రివాల్వర్లలో షెల్స్‌ను తోసే ఎజెక్టర్ రాడ్ కూడా పొట్టిదవుతుంది. 29 మి.మీ.కు పైగా ఉన్న .38 స్పెషల్ షెల్స్ రెండు అంగుళాల తుపాకీలో సగం బయటికొచ్చి ఆగిపోవడం మామూలు. .32 లాంగ్ షెల్ 23.4 మి.మీ. కాబట్టి మూడు అంగుళాల గొట్టంతో ఆ బాధ తక్కువ. షెల్స్ తీసేటప్పుడు మొన ఆకాశం వైపు పెట్టి రాడ్‌ను అరచేత్తో ఒక్క దెబ్బ కొట్టాలి.

రెంటిలో ఏదంటే, ఎక్కువ సాధన చేసేవాళ్లు సైడ్ స్వింగ్ తీసుకోండి. ఏడాదికి ఒక డబ్బా తూటాలు కూడా కాల్చని వాళ్లకు టాప్ బ్రేక్ జీవితాంతం వస్తుంది, చూసుకోవడానికి బాగుంటుంది కూడా.

.22 నిడర్ సంగతి

ధర తక్కువ, తూటా చవక, తూకం పావు కిలో. ఇక్కడితో లాభాలు అయిపోయాయి. .22 తూటాలో మంట అంటుకునే మందు అంచు లోపల ఉంటుంది, అంచు అంతటా సమానంగా పరుచుకోకపోతే పేలదు. ఆ మందు అడుగు మధ్యలో ఉండే సెంటర్ ఫైర్ తూటా కన్నా ఇది పేలకపోవడం ఎక్కువ. రివాల్వర్ కాబట్టి మళ్లీ నొక్కితే తర్వాతి తూటా వస్తుంది, అది నిజం. కాల్పుల సాధన రేంజిలో అయితే పేలని తూటాతో ముప్పై సెకన్లు మొన లక్ష్యం వైపే ఉంచి ఆగాలి, ఆలస్యంగా పేలేవి ఉంటాయి. రైఫిల్ గొట్టంలో దూసుకుపోయే .22 గుండు 40 మి.మీ. గొట్టంలో మందు పూర్తిగా కాలకముందే బయట పడుతుంది, మంటా చప్పుడూ ఎక్కువ, పని తక్కువ. ఖాళీ గది మీద ట్రిగ్గర్ నొక్కితే ఫైరింగ్ పిన్ గది అంచుకు తగిలి గాటు పడుతుంది. ఆ గాటు దగ్గర తూటా సరిగా కూర్చోదు. కాబట్టి .22 తో ఇంట్లో ఉత్త సాధన పనికిరాదు. సాధన తక్కువైతే పావు కిలో తుపాకీ ఇంకా కష్టమవుతుంది. లైసెన్సు మీద ఒక్కటే తుపాకీ కొనేవాళ్లకు నేను దీన్ని చెప్పను.

పాతది కొంటుంటే

జిల్లాల్లో లైసెన్సుదారు పోయాక వారసులు అమ్మేవి, విశాఖ డీలర్ల దగ్గర చేరినవి ఉంటాయి. పాత సంస్థానాల, జమీందారీల ఇళ్లలోంచి వచ్చే వెబ్లీలను ఆశగా చూసేవాళ్లు ముందు గొట్టం మీది బోరు చదవాలి. .455 అయినా .38 (అంటే .380) అయినా నిషిద్ధ బోరు, దాని అనుమతి కలెక్టరేట్‌లో తేలేది కాదు. 2019 సవరణ తర్వాత ఒక వ్యక్తి దగ్గర రెండుకు మించి తుపాకీలు ఉండకూడదు. వారసత్వంగా వచ్చినదీ ఆ రెంటిలోకే వస్తుంది.

పరీక్ష వరస ఇలా. ఖాళీ అని చూశాక, వెనకవైపు తెల్లకాగితం పెట్టి వెలుతురులో గొట్టం లోపల చూడండి. గాడులు పదునుగా ఉండాలి. నల్లటి చుక్కలు, గుంతలు ఉంటే అది తీరప్రాంతపు తుప్పు, బ్రష్‌తో పోదు. తర్వాత సిలిండర్‌కూ గొట్టానికీ మధ్య సందు. బండి మెకానిక్ టాపెట్లు సరిచేసే ఫీలర్ గేజ్ తీసుకెళ్లండి. 0.10 నుంచి 0.20 మి.మీ. బాగున్నట్టు. 0.30 దాటితే వదిలేయండి. ఒక్క గది దగ్గర కాదు, ఆరింటి దగ్గరా కొలవాలి, ఒక చోట తగ్గి ఒక చోట పెరిగితే సిలిండర్ వంకర తిరుగుతోంది.

ఇక టైమింగ్. సిలిండర్‌ను వేలితో కొద్దిగా అదిమిపట్టి హ్యామర్‌ను చాలా నెమ్మదిగా ఎత్తండి. హ్యామర్ పూర్తిగా నిలబడేలోపే సిలిండర్ బిగిసి నిలవాలి. హ్యామర్ నిలిచాక కూడా సిలిండర్ కదులుతుంటే సిలిండర్‌ను తిప్పే లోపలి ముక్క, హ్యాండ్, అరిగింది. ఎత్తిన హ్యామర్‌ను ట్రిగ్గర్ ముట్టుకోకుండా బొటనవేలితో ముందుకు నెట్టి చూడండి. పడిపోతే ఆ తుపాకీని ఎవరు ఉచితంగా ఇచ్చినా వద్దు. టాప్ బ్రేక్ అయితే మూసి, గొట్టం మొన పట్టుకుని పైకి కిందికి ఊపండి, లాచ్ దగ్గర చప్పుడు రాకూడదు. చివరగా స్క్రూల తలలు. గీతలు చెడిపోయి ఉన్నాయంటే ఎవరో ఇంట్లో స్క్రూడ్రైవర్‌తో లోపలికి వెళ్లారు, స్ప్రింగు కోసి ట్రిగ్గర్ తేలిక చేసి ఉంటారు. అలాంటివి తూటా పేల్చడం మానేస్తాయి, అదీ అవసరం వచ్చిన రోజున.

హ్యామర్ బ్లాక్ (ట్రిగ్గర్ నొక్కనిదే హ్యామర్ తూటాను కొట్టకుండా ఆపే అడ్డు) లేని పాత రకాల్లో హ్యామర్ కింద గది ఖాళీగా ఉంచాలి. ఆరు తూటాల తుపాకీ అక్కడ అయిదు తూటాలదే.

ఉప్పుగాలి, తుఫాను, బీరువా

బారువ, కళింగపట్నం, భోగాపురం వైపు ఇళ్లకు ఇది ఎంపికలో భాగమే. ఉక్కు మీది నల్లటి బ్లూయింగ్ పూత తుప్పును ఆపదు, నూనెను పట్టి ఉంచుతుంది, అంతే. వేళ్ల చెమట ఆరిన చోట రెండు రోజుల్లో ఎర్ర మచ్చ లేస్తుంది. టైటానియం ఫ్రేముకు ఇక్కడ నిజమైన లాభం ఉంది, కానీ స్ప్రింగులు, పిన్నులు ఉక్కువే, వాటికి నూనె తప్పదు. తోలు హోల్‌స్టర్‌లో పెట్టి బీరువాలో దాచడం అన్నిటికన్నా చేటు. తోలు పదును చేసిన రసాయనాలు, అది పీల్చుకున్న తేమ కలిసి తుపాకీని హోల్‌స్టర్ ఆకారంలోనే తినేస్తాయి. నూనె గుడ్డతో తుడిచి, తాళం పెట్టెలో, సిలికా జెల్ సంచి పక్కన పెట్టండి. రంగు మారిన జెల్‌ను 110 నుంచి 120 డిగ్రీల వేడిలో ఆరబెడితే మళ్లీ పనికొస్తుంది. ఆషాఢం నుంచి కార్తీకం దాకా నెలకోసారి చూడాలి.

తూటాలకు నూనె అంటకూడదు, ప్రైమర్ (తూటా అడుగున నిప్పు రాజేసే బిళ్ల) సందుల్లోంచి లోపలికి దిగి మందును చంపుతుంది. నూనె ఎక్కువ పూసిన తుపాకీలో నెలల తరబడి ఉన్న తూటాలు పేలకపోవడానికి ఇదే కారణం. తుపాకీ వేరే, తూటాలు వేరే తాళంలో ఉంటే ఈ సమస్యా పోతుంది, ఇంట్లో పిల్లల భయమూ పోతుంది. 2018 తిత్లీ లాంటి తుఫాను హెచ్చరిక వస్తే పెట్టెను నేల మీద నుంచి పై అరకు మార్చండి. నీళ్లలో తడిస్తే, ముందు మంచినీళ్లతో ఉప్పు కడిగి, ఆరబెట్టి, ఆ తర్వాతే నూనె. ఉప్పు మీద నూనె పూస్తే తుప్పు నూనె కింద పెరుగుతుంది.

లైసెన్సు కొలత కూడా తుపాకీ కొలతే

21 ఏళ్లు నిండాలి. ఫారం ఏ-1 దరఖాస్తు, ఎస్-1 శిక్షణ ధ్రువపత్రం, ఎస్-3 వైద్య ధ్రువపత్రం, పోలీసు విచారణ, కలెక్టరు నిర్ణయం. ఇవన్నీ 2016 ఆయుధ నిబంధనల దారి. శిక్షణను లాంఛనంగా తీసుకోకండి. అక్కడే పక్కవాళ్ల తుపాకీలు చూడొచ్చు, ట్రిగ్గర్లు పోల్చుకోవచ్చు.

లైసెన్సు మీద "చెల్లుబాటు ప్రాంతం" అన్న గడి కొనేముందే చదవండి. ఇచ్ఛాపురం వాళ్లు పనిమీద బరంపురం వెళ్లడం రోజువారీ సంగతి, కానీ సరిహద్దు దాటితే ఆంధ్రప్రదేశ్‌కే చెల్లే లైసెన్సు కాగితం ముక్క. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారినప్పుడు రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరానికి, పాలకొండ, సీతంపేట పార్వతీపురం మన్యానికి వెళ్లాయి. పాత లైసెన్సులున్నవాళ్లు రెన్యూవల్ ఏ కలెక్టరేట్‌లోనో, కొత్త చిరునామా నమోదైందో లేదో చూసుకున్నాకే తుపాకీ మార్చే ఆలోచన చేయాలి. ఇప్పుడు లైసెన్సు గడువు అయిదేళ్లు.

ప్రత్యేక అనుమతి లేకుండా జాతరలు, మతపరమైన ఊరేగింపులు, బహిరంగ సభలు, విద్యాసంస్థల ఆవరణలోకి తీసుకెళ్లకూడదని లైసెన్సు షరతుల్లోనే ఉంది. పైడితల్లి సిరిమానోత్సవం నాడు కోట దగ్గర జనంలోకి జేబులో రివాల్వర్‌తో వెళ్లడం హోదా కాదు, షరతు ఉల్లంఘన. పెళ్లిలో గాల్లోకి కాలిస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. ఎన్నికల వేళ డిపాజిట్ చేయమని నోటీసు వస్తుంది. స్టేషన్‌లో వారాల తరబడి ఉండే తుపాకీకి ముందే పల్చగా గ్రీజు రాసి, నూనె కాగితంలో చుట్టి, నంబరు రాసిన రసీదు తీసుకోండి. డిపాజిట్‌లో తుప్పు పట్టిన తుపాకీలు చాలానే.

కొనే రోజు దుకాణంలో చివరి పని: ఫ్రేమ్ మీది నంబరు, బిల్లు మీది నంబరు, లైసెన్సులో రాసిన నంబరు మూడూ మీరే చదివి సరిచూడండి. టాప్ బ్రేక్‌లో గొట్టం మీదా సిలిండర్ మీదా కూడా నంబరు ఉంటే అవి ఫ్రేమ్ నంబరుతో కలవాలి. కలవకపోతే రెండు తుపాకీల ముక్కలు కలిపినట్టు. అలాంటప్పుడు బిల్లు రాయనివ్వకుండానే ఆగిపోండి.